లెనోవో ఐడియాప్యాడ్ స్లిమ్ 3 (15ఐఏహెచ్8): ఐ5 స్టిక్కరు చెప్పని సంగతులు

యాభై వేలకు అటూ ఇటూ బడ్జెట్ అని చెప్పి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో గానీ, ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ నిలబడితే మొదట బల్ల మీదికి వచ్చే మూడు నాలుగు ల్యాప్‌టాపుల్లో ఇదొకటి. "ఐ5 సార్, ఎనిమిది కోర్లు, 512 ఎస్ఎస్‌డీ, ఆఫీస్ ఫ్రీ" అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఈ మిషను నాలుగేళ్ళు హాయిగా నడుస్తుందా, ఏడాదికే విసుగు పుట్టిస్తుందా అన్నది తేలేది ఆ నాలుగింటి దగ్గర కాదు. ర్యామ్ ఎంత, స్క్రీను ఏ రకం, ఈ రెండింటి దగ్గరే. ర్యామ్ కొన్నాక పెంచలేం. స్క్రీను మార్చొచ్చు గానీ ఆ ఖర్చేదో ముందే పెట్టి మంచిది కొనుక్కోవడం నయం.

16 జీబీ ర్యామ్, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు తిరగబడని రకం) స్క్రీను ఉన్న వేరియంటు దొరికితే ఈ ధరలో నిశ్చింతగా తీసుకోవచ్చు. 8 జీబీ, టీఎన్ (కోణం మారితే రంగు మారే చవక రకం) స్క్రీను అయితే టైపింగు, ట్యాలీ, బ్రౌజింగు దాటని వాళ్ళకే, అదీ ధర బాగా తగ్గితేనే. ఎందుకో కింద చూద్దాం.

పేరొకటే, లోపల సరుకు వేరు

"ఐడియాప్యాడ్ స్లిమ్ 3" అనేది ఒక ల్యాప్‌టాప్ పేరు కాదు, ఒక కుటుంబం పేరు. 2023లో వచ్చిన ఎనిమిదో తరంలోనే అరడజను రకాలున్నాయి. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది పేరు చివరి కోడ్‌లో. 15ఐఏహెచ్8 అంటే 15 అంగుళాలు, ఇంటెల్, ఆల్డర్ లేక్ హెచ్ రకం ప్రాసెసరు, లెనోవో లెక్కలో ఎనిమిదో తరం అని అర్థం. 15ఐఏఎన్8 అయితే అదే ఆల్డర్ లేక్‌లోని చిన్న ఎన్ రకం. 15ఏఎమ్ఎన్8 అయితే ఏఎమ్‌డీ మెండొసినో. 15ఏబీఆర్8 అయితే ఏఎమ్‌డీ బార్సెలో. ఆన్‌లైన్ లిస్టింగుల్లో ఈ కోడ్ తరచూ పేరు చివర్లోనో, కింద వివరాల పట్టికలోనో నక్కి ఉంటుంది.

ఇందులో జాగ్రత్త పడాల్సింది మెండొసినో రకంలో ఉండే రైజెన్ 5 7520యూ దగ్గర. ఏడు వేల సిరీస్, రైజెన్ 5 అనగానే కొత్తదే అనుకుంటాం. లోపలున్నవి మాత్రం 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్ కోర్లు, అవీ నాలుగే. ఏఎమ్‌డీ ఏడు వేల సిరీస్ నంబర్లలో మూడో అంకె చూస్తే గుట్టు తెలిసిపోతుంది: 7520లో 2 అంటే జెన్ 2, 7530లో 3 అంటే జెన్ 3. 7530యూలో ఆరు కోర్లు, 12 థ్రెడ్లు. పది నంబర్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆ రెండింటికీ పోలికే లేదు. కాబట్టి షాపులో "స్లిమ్ 3 రైజెన్ 5 కూడా ఉంది సార్, మూడు వేలు తక్కువ" అంటే మూడో అంకె అడగండి.

ఇక మన మిషను. దీని అడుగున ఉన్న స్టిక్కరు మీద 83ఈఆర్‌తో మొదలై ఐఎన్‌తో ముగిసే పది అక్షరాల కోడ్ ఉంటుంది. ఆ ఐఎన్ అంటే ఇండియా. అసలైన ఆధార్ నంబరు అదే. లెనోవో వాళ్ళే నడిపే పీఎస్ఆర్ఈఎఫ్ అనే సైటులో ఆ కోడ్ కొడితే ఆ ఒక్క వేరియంటులో ఏ ప్యానెల్, ఎంత ర్యామ్, కీబోర్డుకి లైటు ఉందా లేదా అన్నీ వస్తాయి. షాపింగ్ సైట్ల వివరాల పట్టిక కంటే దీన్నే నమ్మాలి. పట్టికలో ఐపీఎస్ అని, పెట్టెలో టీఎన్ అని వచ్చే గొడవలకు విరుగుడు కూడా ఇదే.

ప్రాసెసరు

ఐ5-12450హెచ్‌లో నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, మొత్తం 12 థ్రెడ్లు, గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్. ఇది అసలు గేమింగ్ ల్యాప్‌టాపుల కోసం చేసిన 45 వాట్ల తరగతి చిప్పు. రోజువారీ పనికి మిగిలిపోయేంత బలం ఉంది. పదివేల వరసల ఎక్సెల్ షీటు, ఇరవై పేజీల పీడీఎఫ్, పైథాన్, జావా ప్రోగ్రాములు, ఇవేవీ దీన్ని ఆపలేవు. తర్వాత వచ్చిన ఐ5-13420హెచ్‌కీ దీనికీ కోర్ల లెక్క అదే, వేగం కాస్త ఎక్కువ, అంతే. ప్రాసెసరు 13వ తరం అని నాలుగైదు వేలు ఎక్కువ అడిగితే ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి.

గ్రాఫిక్సు మాత్రం సాదా యూహెచ్‌డీ. సినిమాలకు, యూట్యూబ్‌కి, కాన్వాకి సరిపోతుంది. గేముల కోసమైతే ఇటు రానేవద్దు.

సన్నటి బాడీలో 45 వాట్ల చిప్పు పెట్టారు కాబట్టి ఒక మెలిక ఉంది. పని మొదలెట్టిన కాసేపు పూర్తి వేగంతో ఉరుకుతుంది, వేడెక్కాక దానంతట అదే తగ్గుతుంది. బ్రౌజరు తెరవడం, ఫైలు సేవ్ చేయడం లాంటి చిన్న చిన్న పనుల్లో ఇది తెలియనే తెలియదు. అరగంట వీడియో ఎక్స్‌పోర్టు చేస్తుంటే తెలుస్తుంది. ఎఫ్ఎన్ కీ, క్యూ కలిపి నొక్కితే మోడ్‌లు మారతాయి: చప్పుడు వద్దనుకుంటే బ్యాటరీ ఆదా మోడ్, వేగం కావాలంటే పెర్ఫార్మెన్స్ మోడ్. చాలామందికి ఈ మీట ఉన్న సంగతే తెలియదు. పొరపాటున చేయి తగిలి ఆదా మోడ్‌లోకి పోయి, "కొత్త ల్యాప్‌టాప్ అప్పుడే స్లో అయింది" అని సర్వీసు సెంటరుకి మోసుకుపోతారు.

ర్యామ్: ఇక్కడే అసలు లెక్క

ఈ మోడల్లో ర్యామ్ ఎల్‌పీడీడీఆర్5 రకం, మదర్‌బోర్డుకి అతికించేసి ఉంటుంది. స్లాటు ఒక్కటీ లేదు. కొన్న రోజు 8 అయితే పారేసే రోజు కూడా 8. "తర్వాత వేసుకోవచ్చు సార్, రెండువేలే" అని ఎవరైనా అంటే, వాళ్ళకు వేరే మోడల్ గుర్తుండి ఉండాలి, లేదా ఇది త్వరగా అమ్ముడుపోవాలి. అక్కడికక్కడే తేల్చుకోవాలంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. ఫార్మ్ ఫ్యాక్టర్ అన్న చోట "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించిందే. "సోడిమ్" అని ఉంటేనే పీకి మార్చుకునేది.

8 జీబీ ఎందుకు చాలదో లెక్క వేద్దాం. గ్రాఫిక్సు చిప్పుకి సొంత మెమరీ లేదు, కాబట్టి వాటా ఇందులోంచే తీసుకుంటుంది. విండోస్ 11 ఏమీ తెరవకుండా ఊరికే కూర్చున్నా దాదాపు సగం తినేస్తుంది. మిగిలిన నాలుగు జీబీలో క్రోమ్‌లో పది పన్నెండు ట్యాబులు, వాట్సాప్ డెస్క్‌టాప్, ఒక జూమ్ క్లాసు, పక్కన వర్డ్ ఫైలు. ఇక్కడికే నిండిపోయింది. నిండాక విండోస్ ఎస్ఎస్‌డీనే మెమరీగా వాడుకోవడం మొదలెడుతుంది. ఎస్ఎస్‌డీ వేగంగా ఉంటుంది కాబట్టి పాత హార్డ్‌డిస్క్ రోజుల్లోలాగా మిషను బిగుసుకుపోదు. ట్యాబు మారిస్తే తెల్లగా ఒక క్షణం ఆగడం, జూమ్‌లో స్క్రీన్ షేర్ చేయగానే మాట ముక్కలవడం, ఇలాంటి చిల్లర బాధలు పెడుతుంది. షాపులో ఐదు నిమిషాలు చూస్తే ఇది కనపడదు. ఎందుకంటే అక్కడ ఎవరూ పన్నెండు ట్యాబులు తెరవరు.

ఈఏపీసెట్ రాసి కంప్యూటర్ సైన్సులో చేరుతున్న పిల్లలకు కొనేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. ఆండ్రాయిడ్ స్టూడియోకి గూగుల్ చెప్పే కనీసం 8 జీబీ, ఎమ్యులేటరు (తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోను) కూడా నడపాలంటే 16. వర్చువల్ మిషన్లో, అంటే విండోస్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్లో, లినక్స్ వేసుకోవాలన్నా అంతే, దానికి నాలుగు జీబీ కేటాయిస్తే విండోస్‌కి మిగిలేది నాలుగు. నాలుగేళ్ళ కోర్సుకి 8 జీబీ అతికించిన మిషను కొనివ్వడమంటే మూడో ఏడాది ఇంకొకటి కొనడమే. రెండు వేరియంట్ల మధ్య తేడా ఆరేడు వేల లోపు ఉంటే ఆలోచించక్కర్లేదు, 16 తీసుకోండి.

16 దొరకలేదు, బడ్జెట్ పెరగదు అనుకుంటే ఈ మోడల్ని వదిలేసి స్లాటు ఉన్నది చూడటం తెలివి. ఏసుస్ వివోబుక్ 15లో ఎక్స్1502జడ్ఏ రకానికి 8 జీబీ బోర్డు మీద, పక్కన ఒక ఖాళీ స్లాటు ఉంటాయి. ఇప్పుడు 8తో కొని, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకో 8 డీడీఆర్4 ముక్క వేసుకోవచ్చు. దాని బ్యాటరీ 42 వాట్ అవర్లు, దీనికంటే చిన్నది. ఆ మాత్రం సర్దుబాటు తప్పదు.

ఎస్ఎస్‌డీ సంగతి నయం. అది మార్చుకోవచ్చు. 512 అని కొంటే విండోస్‌లో 476 అని కనిపిస్తుంది, కంగారుపడొద్దు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో. కంపెనీ నుంచి వచ్చేది చాలావరకు 42 మిల్లీమీటర్ల పొట్టి రకం, అంటే 2242. మామూలుగా దొరికేది 80 మిల్లీమీటర్ల 2280. అడుగు మూత తీసి, ఏ పొడవుకి చోటు, స్క్రూ రంధ్రం ఉన్నాయో చూశాకే కొత్తది ఆర్డర్ పెట్టండి. మూత తీసే ముందు ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కి బయోస్ అనే, విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెరలోకి వెళ్ళి, బిల్ట్-ఇన్ బ్యాటరీని డిజేబుల్ చేసే ఆప్షను ఎంచుకోవాలి. మిషను ఆరిపోతుంది, మళ్ళీ ఛార్జరు పెట్టేదాకా లేవదు. ఈ పని చేయకుండా స్క్రూడ్రైవర్ లోపల జారితే బోర్డు పోయే ప్రమాదం ఉంది.

స్క్రీను

15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, 60 హెర్ట్జ్, మెరుపు లేని మ్యాట్ పూత. ఇంతవరకు అన్ని వేరియంట్లకీ ఒకటే. ఆ తర్వాత దారి చీలుతుంది: కొన్నిట్లో 250 నిట్ల (నిట్ అంటే వెలుతురు కొలత) టీఎన్ ప్యానెల్, కొన్నిట్లో 300 నిట్ల ఐపీఎస్.

గుర్తుపట్టడం సులువు. ఎవరైనా మనిషి ముఖం ఉన్న ఫొటో నిండుగా తెరిచి, మూతను మెల్లగా వెనక్కి వంచండి. తర్వాత ముందుకు. టీఎన్ అయితే ఒక కోణంలో ముఖం తెల్లగా పాలిపోతుంది, ఇంకో కోణంలో నల్లబడి ఫిల్ము నెగెటివ్‌లా మారుతుంది. ఐపీఎస్‌లో వెలుతురు కాస్త తగ్గుతుందేమో గానీ రంగు తిరగబడదు. పది సెకన్ల పని. షాపులో డెమో పీసుకి చేసి వదిలేయకండి, మీ పెట్టెలోంచి తీసిన దానికే చేయండి. పక్కపక్కనే ఉన్న రెండు పెట్టెల్లో రెండు రకాలు ఉండే అవకాశం ఉంది.

ఒక్కరే ఎదురుగా కూర్చుని టైపు చేసుకుంటే టీఎన్ భరించొచ్చు. ఇంట్లో నలుగురు మంచం మీద చేరి సినిమా చూస్తే మాత్రం పక్కన కూర్చున్న వాళ్ళకి వేరే సినిమా. ఇక 250 నిట్లు గదిలో ట్యూబులైటు కింద చాలు. పగటిపూట వరండాలో కూర్చుంటే వెలుతురు వంద శాతం పెట్టినా అక్షరాల కంటే మీ ముఖమే బాగా కనిపిస్తుంది.

రంగుల విషయంలో రెండు ప్యానెళ్ళూ ఒకే తానులో ముక్కలు. ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల కొలతలో రెండూ 45 శాతం, అంటే వెబ్ ఫొటోలకు వాడే ఎస్ఆర్‌జీబీ కొలతలో సుమారు 62, 63 శాతం రంగులే చూపగలవు. ఈ అంకె ఎవరికి ముఖ్యమంటే, మంగళగిరి చీరలు గానీ ధర్మవరం పట్టు గానీ ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్ళకి. ముదురు కుంకుమ రంగు ఇందులో ఇటుక రంగులా వెలిసి కనిపిస్తుంది. అది చూసి ఎడిటింగులో ఎరుపు పెంచుతారు. కొనేవాళ్ళ ఫోన్లో అదే ఫొటో మండిపోతూ కనిపిస్తుంది. చీర చేతికొచ్చాక "రంగు ఇది కాదు" అని వాపసు. ఫొటోల రంగు ఈ స్క్రీను చూసి సరిచేయొద్దు, ఫోన్లో చూసి చేయండి. లేదా వంద శాతం ఎస్ఆర్‌జీబీ అని స్పష్టంగా రాసి ఉన్న ల్యాప్‌టాప్ వెతుక్కోండి. ఈ ధరకు కాస్త పైన దొరుకుతాయి.

తెలుగు చదివేవాళ్ళకి ఒక చిట్కా. మన లిపికి వత్తులు కింద వేలాడతాయి, గుడి, తలకట్టు పైన ఉంటాయి. ఇంగ్లీషుకి సరిపోయే సైజులో 'క్ష్మ', 'స్త్ర' లాంటివి మసకబారిన చుక్కల్లా కనిపిస్తాయి. డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేలు 125 శాతం దగ్గర పెట్టి, బ్రౌజరులో తెలుగు పేజీలు ఇంకాస్త జూమ్ చేసుకుంటే కళ్ళకి హాయి. క్లియర్‌టైప్ అని స్టార్ట్ మెనూలో వెతికి ఆ ఐదు తెరల పరీక్ష ఒకసారి పూర్తిచేస్తే అక్షరాల అంచులు ఇంకాస్త తేటపడతాయి.

కీబోర్డు, తెలుగు టైపింగు

కీలు మెత్తగా, ఎక్కువ చప్పుడు లేకుండా దిగుతాయి. లెనోవో కీబోర్డుకి ఉన్న పేరు ఈ చౌక మోడల్లోనూ చెడలేదు. కుడివైపు నంబర్‌ప్యాడ్ ఉంది గానీ దాని కీలు మామూలు కీల కంటే సన్నం. డెస్క్‌టాప్ కీబోర్డు మీద ట్యాలీ ఎంట్రీలు చూడకుండా కొట్టే చేతికి మొదటి వారం తప్పులు పడతాయి. రోజుకి రెండొందల వోచర్లు ఎక్కించేవాళ్ళు ఒక యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోవడమే మేలు.

కీల కింద లైటు కొన్ని వేరియంట్లలోనే ఉంటుంది. స్పేస్‌బార్ మీద చిన్న దీపం గుర్తు ఉందా చూడండి. ఉంటే ఎఫ్ఎన్, స్పేస్ కలిపి నొక్కితే వెలుగుతుంది. లేకపోతే ఎన్ని నొక్కినా రాదు, డ్రైవర్ల కోసం వెతకడం దండగ.

తెలుగుకి విడిగా సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. సెట్టింగుల్లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ తెలుగు చేర్చండి. కీబోర్డు ఆప్షన్లలో ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది, ఫొనెటిక్ కూడా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు రప్పించాలంటే రెండోది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. డీటీపీ పనివాళ్ళు అను ఫాంట్ల పాత ఫైళ్ళు తెరిచే ముందు ఒక మాట గుర్తుంచుకోవాలి: అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు మిషన్లో లేకపోతే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ పాడైనట్టు కాదు.

పోర్టులు

రెండు మామూలు యూఎస్‌బీలు, ఒక టైప్-సీ, హెచ్‌డీఎమ్ఐ, ఎస్‌డీ కార్డు స్లాటు, ఇయర్‌ఫోన్ రంధ్రం. చూడ్డానికి చాలినన్ని. జీఎస్‌టీ ఫైలింగు చేసే ఆఫీసులో పెడితే తెలుస్తుంది ఇరుకు: ఒక యూఎస్‌బీలో మౌసు, రెండోదాన్లో డిజిటల్ సంతకం టోకెన్. క్లయింటు పెన్‌డ్రైవ్ తెస్తే ఏదో ఒకటి పీకాలి. సంతకం మధ్యలో టోకెన్ పీకితే మొదటికొస్తుంది. ఐదారు వందల్లో వచ్చే యూఎస్‌బీ హబ్ కూడా ఖర్చులో కలుపుకోండి. ఎస్‌డీ కార్డు స్లాటు ఇవ్వడం మాత్రం ఫొటో స్టూడియోల వాళ్ళకి పెద్ద సుఖం. ఈ ధరలో చాలా కంపెనీలు దాన్ని ఎత్తేశాయి.

నెట్ కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు లేదు. వైఫై సరిగా రాని గదిలో ఫైబర్ కనెక్షన్ తీగ నేరుగా పెట్టుకోవాలంటే యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కి మార్చే అడాప్టరు కొనాలి. గిగాబిట్ అని రాసి ఉన్నదే తీసుకోండి, చవక రకాలు వంద ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి.

హెచ్‌డీఎమ్ఐ పాత 1.4 రకం. ఫుల్ హెచ్‌డీ టీవీకి, ప్రొజెక్టరుకి ఇబ్బంది లేదు. 4కే టీవీకి పెడితే సెకనుకి 30 ఫ్రేములే ఇస్తుంది, మౌసు బాణం గెంతుతున్నట్టు ఉంటుంది. అప్పుడు టీవీని 1080పీలో పెట్టుకోవాలి. 4కే మానిటరుకైతే టైప్-సీ నుంచి డిస్‌ప్లేపోర్టుకి వెళ్ళే కేబుల్ వాడాలి.

బ్యాటరీ, ఛార్జరు

బ్యాటరీ 47 వాట్ అవర్లు. ప్రకటనల్లో గంటల అంకె ఎంతున్నా ఈ 47ని పట్టుకుని మన లెక్క మనం వేసుకోవచ్చు. వెలుతురు సగం పెట్టి, టైపింగు, బ్రౌజింగు చేస్తుంటే మిషను ఎనిమిది వాట్లు తాగిందనుకుందాం: ఆరు గంటలకు కాస్త తక్కువ. వీడియో కాల్‌లో కెమెరా, మైకు, వైఫై అన్నీ కలిసి పద్నాలుగు లాగితే మూడుంబావు. రెండేళ్ళు వాడాక బ్యాటరీ ఐదో వంతు అరిగిందనుకుంటే వీడియో కాల్ రెండున్నర గంటలకు కాస్త ఎక్కువ. హెచ్ రకం ప్రాసెసరు కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు కూడా తక్కువ కరెంటు తాగే యూ రకం ప్రాసెసర్లంత పొదుపు చూపదు. రోజంతా ఛార్జరు లేకుండా కాలేజీలో తిరిగే పిల్లలకు ఇది నప్పదు.

అరుగుదల చూసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని స్పేస్ లేకుండా కలిపి కొడితే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కన చూడండి. కొత్త దాన్లో రెండూ 47,000 మిల్లీవాట్ అవర్లకు దగ్గర్లో ఉండాలి. ఎప్పుడూ బల్ల మీదే, ప్లగ్గులోనే వాడేవాళ్ళు లెనోవో వాంటేజ్ యాప్‌లో కన్సర్వేషన్ మోడ్ ఆన్ చేయాలి. ఛార్జింగు వంద దాకా పోకుండా ముందే ఆగుతుంది, బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుంది. ఆగినప్పుడు "ఛార్జ్ ఎక్కడం లేదు" అని కంగారుపడేది కూడా ఇక్కడే.

పెట్టెలో వచ్చేది 65 వాట్ల ఛార్జరు. టైప్-సీలో కూడా ఛార్జ్ ఎక్కుతుంది, కాకపోతే ఫోన్ ఛార్జరు మీద "67 వాట్లు", "80 వాట్లు" అని ఉంది కదా అని సంబరపడొద్దు. ఆ వాట్లు చాలావరకు ఆ కంపెనీ ఫోనుకి మాత్రమే. ఛార్జరు మీద సన్న అక్షరాల్లో 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉందా చూడాలి. రెండూ గుణిస్తే 65. కేబుల్ కూడా 5 ఆంపియర్ల రకం కావాలి, మామూలు టైప్-సీ తీగ 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఎక్కువ వోల్టు లేని ఛార్జరు పెడితే ఎక్కడమే మానేస్తుంది, లేదా నెమ్మదిగా ఎక్కుతోందని హెచ్చరిక వస్తుంది.

ఎండాకాలం

లెనోవో లెక్కలో ఇది పనిచేయాల్సిన గది వేడి 35 డిగ్రీల దాకా. రెంటచింతల మే నెలకి ఆ సంగతి ఎవరైనా చెబితే బాగుండు. గాలి అడుగునుంచి లాక్కుని మూత కీలు దగ్గర వదులుతుంది, కాబట్టి పరుపు మీద, దిండు మీద పెడితే ముక్కు మూసినట్టే. అడుగున రెండు పుస్తకాలో చెక్క ముక్కలో పెట్టి వెనక భాగం ఎత్తితే సరిపోతుంది. ఫ్యాన్లున్న కూలింగ్ ప్యాడ్ అక్కర్లేదు.

కెమెరాకి జారుడు మూత ఉంది, వేరియంటుని బట్టి 720పీ గానీ 1080పీ గానీ. స్పీకర్లు గదికి సరిపోతాయి, పైన ఫ్యాను ఐదులో తిరుగుతుంటే సరిపోవు. బరువు 1.62 కిలోలు, 15 అంగుళాల మిషనుకి తేలికే. బాడీ ప్లాస్టిక్. సైన్యం ప్రమాణాల పరీక్ష పాసైందని రాసి ఉంటుంది గానీ, కింద పడి పగిలితే మామూలు వారంటీ వర్తించదు. దానికి ప్రమాద రక్షణ ప్లాను విడిగా కొనాలి.

డబ్బు కట్టే ముందు, కట్టాక

పెట్టె మీది సీరియల్ నంబరు, మిషను అడుగున ఉన్నది, బయోస్‌లో కనిపించేది మూడూ ఒకటేనా చూడండి. అదే నంబరు లెనోవో వారంటీ పేజీలో కొడితే వారంటీ ఎప్పటినుంచి మొదలైందో వస్తుంది. మీ బిల్లు తేదీకీ దానికీ నెలల తేడా ఉంటే బిల్లు చూపించి సరిచేయించుకోవాలి, ఆలస్యం చేయొద్దు. జీఎస్‌టీ నంబరున్న పక్కా బిల్లు లేకపోతే ఆ పని సాగదు. డెమో పీసు అంటగట్టారేమోనని అనుమానముంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు తిరిగిందో కనిపిస్తుంది. కొత్తదైతే కొద్ది గంటలే ఉండాలి. వందల్లో ఉంటే షెల్ఫు మీద నెలల తరబడి వెలిగిందన్నమాట.

మొదటి రోజు ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ ఇస్తుంటే, కనెక్ట్ అవగానే ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. లేకపోతే రోజుకి వచ్చే రెండు జీబీ విండోస్ అప్‌డేట్లకే ఆవిరైపోతుంది. అప్‌డేట్లు పక్కింటి వైఫైలోనైనా సరే ఒకసారి పూర్తిగా పెట్టించాలి. ముందే వేసి ఇచ్చే ట్రయల్ యాంటీవైరస్ ఉంటే తీసేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండరు చాలు. 8 జీబీ మిషన్లో ఇది తీయడం ఒక్కటే కొంత ఊపిరి పోస్తుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు షాపులోనే జరుగుతుంది. "సెటప్ చేసి ఇస్తాం సార్" అని కుర్రాడు తన మెయిల్ ఐడీయో, అప్పటికప్పుడు ఏదో ఒకటి తయారుచేసో లాగిన్ అవుతాడు. రెండు నష్టాలు. పెట్టెతో వచ్చిన ఆఫీస్ లైసెన్సు మొదట యాక్టివేట్ చేసిన ఖాతాకే అతుక్కుంటుంది. రెండోది ఇంకా ప్రమాదం: విండోస్ 11 మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం వేసేస్తుంది, ఆ తాళం తీసే 48 అంకెల కీ ఆ ఖాతాలోనే దాచిపెడుతుంది. ఆరు నెలల తర్వాత బయోస్ అప్‌డేట్ అయినప్పుడో, బోర్డు మార్చినప్పుడో నీలిరంగు తెర వచ్చి ఆ 48 అంకెలు అడుగుతుంది. అప్పటికి ఆ కుర్రాడు ఉద్యోగం మారి ఉంటాడు. ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, ట్యాలీ డేటా అన్నీ ఎస్ఎస్‌డీలో భద్రంగానే ఉంటాయి, ఎవరూ తెరవలేరు.

కాబట్టి ఇంటికి తెచ్చుకుని మీ ఖాతాతో మీరే సెటప్ చేసుకోండి. ఇప్పటికే షాపులో చేయించి ఉంటే సెట్టింగుల్లో అకౌంట్స్ తెరిచి, పైన ఎవరి మెయిల్ కనిపిస్తుందో ఈ రోజే చూడండి. మీది కాకపోతే డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, రీసెట్ చేసి, మీ మెయిల్‌తో మొదలుపెట్టండి. తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో డివైజెస్ కింద బిట్‌లాకర్ కీ వచ్చిందో లేదో చూసి, ఆ అంకెలు కాగితం మీద రాసి కొన్న బిల్లుకి పిన్ను కొట్టి ఉంచండి.